సముద్రానికి పోతున్నామా, రిసార్టుకి పోతున్నామా: సీమ నుంచి బీచ్ ట్రిప్ వేసేవాళ్ల లెక్క

కర్నూలు, అనంతపురం, కడప, ఈ మూడు జిల్లాల్లో ఏ మూలకి పోయినా సముద్రం తగలదు. వైజాగ్ వాళ్లకైతే సాయంత్రం పని అయిపోయాక బండి మీద పోయి, ఒక అరగంట ఇసుకలో కూర్చుని, మొక్కజొన్న కండె తిని ఇంటికొచ్చే చోటు అది. మనకేమో పిల్లల పరీక్షలు చూసుకుని, సెలవులు కలిసొచ్చేలా చూసుకుని, ఇంట్లో పెద్దోళ్లని ఒప్పించి, రాత్రంతా కూర్చుని పోతే గానీ కనపడని చోటు. అంత దూరం పోతున్నాం కదా, పోయేది ఎట్లాగూ పోతాం, మంచి చోటే దిగుదాం అని ఫోన్‌లో వెతికితే ముందు వరసలో వచ్చేవన్నీ పెద్ద పెద్ద బీచ్ రిసార్టులే, నీలం రంగు పూల్, దాని వెనకాల సముద్రం, మధ్యలో కొబ్బరి చెట్లు. ఫోటో చూడగానే ఇంట్లో అందరూ ఒప్పేసుకుంటారు.

కానీ బుక్ చేసేముందు ఒకటి గట్టిగా అనుకోవాలి. మనం పోయేది సముద్రం కోసం, రిసార్టోళ్లు కట్టింది మాత్రం వచ్చినోళ్లు కాంపౌండ్ దాటి బయటికి పోకుండా ఉండడం కోసం. అందులో మోసం ఏమీ లేదు, వాళ్ల వ్యాపారమే అది, తిండి లోపలే, ఆట లోపలే, స్పా లోపలే, అన్నీ లోపల ఉన్నాయి కాబట్టే అంత రేటు. ఈ రెండూ ఒకటే అనుకుని పోయినోళ్లకే తిరిగొచ్చాక డబ్బు దండగైందే అనిపిస్తుంది. పెద్ద రిసార్టు గిట్టుబాటు అవుతుందా కాదా అనేది రూమ్ ఎంత బాగుంది అనే దాని మీద కంటే, ఆ కాంపౌండ్ లోపల మెలకువగా ఎన్ని గంటలు ఉంటారు, వెంట ఎవరిని తీసుకుపోతున్నారు, ఈ రెండిటి మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు గంటల సంగతి చూద్దాం, ఎందుకంటే సీమోళ్లు ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే. రిసార్టుల్లో చెక్ ఇన్ మామూలుగా మధ్యాహ్నం 2 గంటలకి, కొన్ని చోట్ల 3, చెక్ అవుట్ పొద్దున 11. అంటే ఒక రాత్రికి డబ్బు కడితే చేతికొచ్చేది 21 గంటలు, 24 కాదు. అందులో నిద్ర ఒక ఎనిమిది గంటలు తీసేయండి, పొద్దున లేచి రెడీ అయ్యి సామాన్లు సర్దుకోవడానికి ఇంకో రెండు తీసేయండి, మిగిలేది పదకొండు గంటలు. ఆ పదకొండులో మధ్యాహ్నం ఎండ వేళ ఇసుక మీద కాలు పెట్టలేం. మనోళ్లేమో రాత్రి బండెక్కి తెల్లారి ఆరింటికే గేటు దగ్గర దిగుతారు, రూమ్ ఖాళీ లేదు సార్ రెండింటికి రండి అంటారు, పసిపిల్లల్ని పెట్టుకుని ఎనిమిది గంటలు లాబీలో కూర్చోవాలి. ముందే ఫోన్ చేసి అర్లీ చెక్ ఇన్ అడిగితే కొన్ని చోట్ల ఇస్తారు, కొన్ని చోట్ల సగం రోజు అద్దె అడుగుతారు, ఏదైనా బయల్దేరకముందే తేల్చుకోవాలి. అందుకే దూరం నుంచి పోయేవాళ్లకి ఒక్క రాత్రి రిసార్టు అనేది దాదాపు ఎప్పుడూ నష్టమే. అదే శనివారం మధ్యాహ్నం దిగి సోమవారం పొద్దున బయటికొస్తే 45 గంటలు, మధ్యలో ఒక నిండు ఆదివారం చేతికొస్తుంది, ఆ ఆదివారం కోసమే మొత్తం డబ్బు అనుకోవచ్చు.

దారి కూడా ఈ లెక్కలో భాగమే. మన జిల్లాల మధ్యలో నుంచి పోయే 67 నంబరు జాతీయ రహదారి ఒక విచిత్రమైన రోడ్డు, ఒక కొస గోవా సరిహద్దు దగ్గర, ఇంకో కొస నెల్లూరు జిల్లా కృష్ణపట్నం పోర్టు దగ్గర, మధ్యలో హుబ్బళ్లి, బళ్లారి, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు. అంటే తాడిపత్రిలో రోడ్డు మీద నిలబడితే కుడి చెయ్యి పట్టుకుని పోయినా సముద్రమే, ఎడమ చెయ్యి పట్టుకుని పోయినా సముద్రమే. కడప వాళ్లకి బద్వేలు మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి మైపాడు దగ్గర, పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు కూడా. అనంతపురం వాళ్లు బళ్లారి మీదుగా గోవా వైపు మొగ్గుతారు, అది 500 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. కర్నూలు వైపోళ్లు నల్లమల దాటి గుంటూరు మీదుగా సూర్యలంక, చీరాల పోతారు, లేదా నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగా వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. దగ్గరి బీచ్‌కి పెద్ద రిసార్టు అవసరం తక్కువ, దూరం పోయి అలిసిపోయి దిగేవాళ్లకే దాని సుఖం ఎక్కువ తెలుస్తుంది.

ఇంక డబ్బు. రేటు ఎంత అని చూస్తాం గానీ పన్ను ఏ గీత దగ్గర మారుతుందో చూడం. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న రూమ్‌కి జీఎస్టీ 5 శాతం, అంతకు ముందు అది 12 ఉండేది. 7,500 దాటితే మాత్రం 18 శాతమే. ఈ గీత పక్కనే రేటు ఉన్నప్పుడు తేడా గట్టిగా కొడుతుంది, 7,400 రూమ్‌కి పన్ను 370, మొత్తం 7,770. అదే 8,000 రూమ్‌కి పన్ను 1,440, మొత్తం 9,440. బోర్డు మీద తేడా ఆరు వందలే, జేబులో తేడా 1,670, రెండు రాత్రులకి 3,340. వారం మధ్యలో పోతే అదే రూమ్ గీత కిందికి దిగొచ్చు, పన్ను మనం నిజంగా కట్టే అద్దె మీదే పడుతుంది కాబట్టి. మంగళ, బుధవారాల్లో పోగలిగిన వాళ్లకి ఇది పెద్ద లాభం, పిల్లల స్కూలు ఒక్కటే అడ్డం.

తిండి దగ్గరా ఇదే కథ. ముందటి సంవత్సరంలో రూమ్ అద్దె 7,500 దాటిన హోటల్ అయితే దాని లోపలి రెస్టారెంట్ బిల్లు మీద కూడా 18 శాతం, బయట మామూలు హోటల్లో 5. ఆరుగురు మనుషులు, తలకి 1,200 బఫే అనుకుంటే 7,200, పైన పన్ను 1,296, ఒక్క రాత్రి భోజనానికి 8,496. అందులో మన జేజి తినేది రెండు ఇడ్లీ, ఇంత పెరుగన్నం. బఫే అనేది ఎక్కువ తినేవాళ్లకి చవక, తక్కువ తినే పెద్దోళ్లకి, అన్నీ గిన్నెలో వేసుకుని వదిలేసే పిల్లలకి దండగ. రూమ్ బుక్ చేసేటప్పుడు పక్కన రాసే చిన్న అక్షరాలు ఇక్కడే పనికొస్తాయి, ఈపీ అంటే ఉత్త రూమే, సీపీ అంటే పొద్దున టిఫిన్ కలిపి, ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఇంకో పూట, ఏపీ అంటే మూడు పూటలా. చుట్టుపక్కల హోటళ్లు ఉన్న ఊరైతే సీపీ చాలు. ఊరికి దూరంగా ఒంటరిగా ఉన్న రిసార్టైతే ముందే ఎంఏపీ తీసుకోవడం మేలు, లేకపోతే రాత్రి తొమ్మిదింటికి ఆకలేసినప్పుడు వాళ్లు చెప్పిందే రేటు. ఘాటు కారం, సంగటి, ఊరిబిండి ఆశించి పోకూడదు, ఒక డబ్బాలో పప్పులపొడి, ఇంకో డబ్బాలో నిమ్మకాయ ఊరగాయ పెట్టుకుపోతే ఇంట్లో పెద్దోళ్లు రెండు రోజులు ప్రశాంతంగా ఉంటారు.

బిల్లులో సర్వీస్ ఛార్జ్ అని కలిపితే అది కట్టి తీరాలని లేదు, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే ఈ సంగతి చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది, తీసేయమని మర్యాదగా అడగొచ్చు. కానీ నీళ్ల బాటిల్ ఎంఆర్‌పీ కంటే ఎక్కువకి అమ్ముతున్నారని గొడవ పెట్టుకుంటే లాభం లేదు, హోటళ్లు అలా అమ్మొచ్చని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది. బయటే ఒక ఇరవై లీటర్ల క్యాన్ కొని డిక్కీలో పెట్టుకోవడం ఉత్తమం.

బీచ్‌ఫ్రంట్ అనే మాట గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫోటో చూసి తలుపు తీస్తే అల తగులుతుంది అనుకుంటాం. మన దేశంలో తీరం వెంట కట్టడాలకి సీఆర్‌జెడ్ నిబంధనలు ఉన్నాయి, 1991లో మొదలయ్యి 2011లో ఒకసారి, తర్వాత 2019 నోటిఫికేషన్‌తో ఇంకోసారి మారాయి. ఆటు పోటుల్లో నీళ్లు పైకొచ్చే గీత నుంచి పల్లె ప్రాంతాల్లో మామూలుగా 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు రాకూడదు, జనం బాగా ఒత్తుగా ఉండే పల్లెల్లో ఇప్పుడది 50 మీటర్లు. టౌన్లలో అయితే ముందు నుంచీ ఉన్న రోడ్డుకి ఊరి వైపునే కట్టాలి. అంటే నిబంధన ప్రకారం కట్టిన రిసార్టు అయితే రూమ్‌కి, నీళ్లకి మధ్య ఒక నడక ఉండే తీరుతుంది, లేదా ఒక రోడ్డు ఉంటుంది. దాన్ని తప్పు పట్టకూడదు, తుపాను రోజు ఆ దూరమే ప్రాణం కాపాడుతుంది. తప్పు ఎక్కడంటే ఆ దూరం చెప్పకుండా బీచ్‌ఫ్రంట్ అని రాయడంలో. సీ ఫేసింగ్, సీ వ్యూ, పార్షియల్ సీ వ్యూ, గార్డెన్ వ్యూ, వీటి మధ్య రాత్రికి వేల రూపాయల తేడా ఉంటుంది, పార్షియల్ అంటే కొన్ని చోట్ల బాల్కనీలో పక్కకి వంగి చూస్తే రెండు చెట్ల మధ్యలో కనపడే నీలం గీత. రూమ్‌లో ఉండేదే నిద్రకి అయితే గార్డెన్ వ్యూ తీసుకుని ఆ మిగిలిన డబ్బుతో ఇంకో రాత్రి ఉండడం నయం. మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లు బీచ్ దాకా నడవలేక బాల్కనీలోనే కూర్చుంటారు అనుకుంటే మాత్రం సీ ఫేసింగ్‌కి పెట్టిన ప్రతి రూపాయీ న్యాయమైందే.

ప్రైవేట్ బీచ్ అనే మాట కూడా అంతే. అల తగిలే ఇసుక ఏ రిసార్టుదీ కాదు, అది అందరిదీ. రెండు రిసార్టుల మధ్య జనం బీచ్‌కి పోవడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు సందు వదలాలని సీఆర్‌జెడ్ నిబంధనల్లోనే ఉంది. వల లాగే బెస్తవాళ్లు, పక్క ఊరి పిల్లలు అక్కడ తిరిగితే అది వాళ్ల చోటే, మనం రెండు రోజులు వచ్చిపోయేవాళ్లం.

ఇప్పుడు రిసార్టు నిజంగా విలువ చేసే చోటు. పిల్లలు, పెద్దోళ్లు కలిసిన కుటుంబానికి అది చేసే మేలు చిన్నది కాదు. ఇసుక కాళ్లతో వచ్చిన పిల్లలకి పూల్ పక్కనే షవర్, శుభ్రమైన బాత్‌రూమ్, లిఫ్ట్, చక్రాల కుర్చీ, నడవలేని వాళ్లని తీసుకుపోయే బగ్గీ, అర్ధరాత్రి జ్వరమొస్తే రిసెప్షన్‌లో మనిషి, బండి. మామూలు బీచ్‌లో ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే చోటే దొరకదు, తడి చీరతో రెండు గంటలు కూర్చోవాల్సి వస్తుంది, ఇది ఇంట్లో మగవాళ్లు చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఇంకోటి, ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా పొయ్యి దగ్గరే ఉండే అమ్మకి రెండు రోజులు ఎవరో వండి పెడితే తినే అవకాశం, ఆ ఒక్క కారణానికి రిసార్టు తీసుకున్నా తప్పు లేదు. కానీ పూల్‌లో దిగాలంటే నైలాన్ డ్రెస్ ఉండాలంటారు, చుడీదార్, నైటీ, కాటన్ బనియన్ ఒప్పుకోరు, ఇది తెలియక అమ్మలు, అత్తలు ఒడ్డున కుర్చీలో కూర్చుని పిల్లల తువ్వాళ్లు పట్టుకునే పరిస్థితి వస్తుంది. ఇప్పుడు ఒళ్లంతా కప్పే స్విమ్మింగ్ డ్రెస్సులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, వారం ముందు తెప్పించుకుంటే వాళ్లూ దిగుతారు.

సముద్రంలో దిగడం విషయం అన్నిటికంటే ముఖ్యమైంది. కేసీ కెనాల్‌లోనో ఊరి బావిలోనో ఈత నేర్చుకున్నవాడికి సముద్రం అంటే భయం ఉండదు, అదే ప్రమాదం. కాలవ నీళ్లు ఒకే వైపు పోతాయి, రెండు పక్కలా గట్టు ఉంటుంది. సముద్రంలో ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా, అవి ఒక చోట కూడుకుని సన్నటి పాయలా లోపలికి లాగేస్తాయి. చూడ్డానికి ఎట్లుంటుందంటే అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురుగు లేకుండా నెమ్మదిగా ఉంటుంది, ఈత రానివాళ్లు ఇక్కడ అల లేదు సేఫ్ అనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంత బలమున్నవాడైనా అలిసిపోతాడు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయ నుంచి తప్పుకుని, తర్వాత ఒడ్డుకి రావాలి, ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి.

రిసార్టులో పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ ఉంటాడు, ఎదురుగా ఉన్న సముద్రానికి కూడా ఉంటాడని అనుకోకూడదు. ఎవరూ లేని నిర్జన బీచ్ అని గొప్పగా చెప్పేది కూడా ఈ కోణంలో చూస్తే లోపమే, గార్డులు ఉండేది జనం ఉండే బీచ్‌లలో. గోవాలో ముఖ్యమైన బీచ్‌లలో దృష్టి మెరైన్ అనే సంస్థ లైఫ్‌గార్డులు ఉంటారు, ఎర్ర జెండా ఉంటే దిగకూడదు, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి. వైజాగ్ రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, నీళ్ల శుభ్రతతో పాటు లైఫ్‌గార్డులు, వసతులు కూడా చూసే ఆ గుర్తింపు ఇస్తారు. పిల్లలతో పోయేవాళ్లు రిసార్టు స్టార్లు చూసేముందు ఎదురుగా ఉన్న బీచ్‌కి గార్డు ఉన్నాడా అని అడగాలి, ఈ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు రాకపోతే ఇంకో చోటు వెతుక్కోవడమే మంచిది.

ఆఫర్ల సీజన్ కూడా దీంతోనే ముడిపడి ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గోవా వైపు రేట్లు బాగా పడిపోతాయి, ఎందుకంటే వానాకాలం, ఆ నెలల్లో అక్కడ సముద్రంలో ఈతకి దిగనివ్వరు. వాన, పచ్చదనం, ఖాళీ పూల్ చాలనుకునేవాళ్లకి అది నిజంగా మంచి బేరం, మొదటిసారి సముద్రం చూసే పిల్లల్ని తీసుకుపోతే మాత్రం ఏడిపించినట్టే. మన బంగాళాఖాతం వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల కాలం, బుకింగ్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొచ్చే రేటే తీసుకోవాలి, రెండు మూడొందలు ఎక్కువైనా సరే. ఇంక ఎండాకాలం. కడపలో 44 డిగ్రీలు చూసినవాళ్లకి తీరంలో 36 అంటే చల్లగా ఉంటుందనిపిస్తుంది, కానీ అక్కడ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, మన దగ్గర నీడలోకి పోతే చాలు, అక్కడ నీడలోనూ ఉక్కపోతే. ఏసీ రూమ్ విలువ అప్పుడు తెలుస్తుంది, రిసార్టు పక్షాన చెప్పుకోవాల్సిన మాట ఇది.

పెద్ద రిసార్టుల్లో పెళ్లిళ్లు కూడా జరుగుతాయి. ముహూర్తాల రోజుల్లో పోతే లాన్ మొత్తం వాళ్లదే, బఫే దగ్గర తోపులాట, డీజే. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది, అయినా ఆ తేదీల్లో ఫంక్షన్ ఉందా అని ముందే అడగడం సులువు.

నీళ్ల గురించి అనంతపురం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, వెయ్యి అడుగులు బోరు వేసి దుమ్ము చూసిన ఊళ్లు మనవి. అందుకే రిసార్టు పూల్ చూసినప్పుడు ఒక లెక్క మనసులోకి వస్తుంది. ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో పట్టేది 2,40,000 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 48. తీరంలో భూమి కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ పలచటి పొరలా ఉంటాయి, ఎక్కువ తోడితే కింద ఉన్న ఉప్పు పైకొస్తుంది, పక్కనున్న పల్లె బావి ఉప్పెక్కితే మళ్లీ తీపి కావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే తీరం గీత నుంచి 200 మీటర్ల లోపల రిసార్టులు భూగర్భజలం తోడకూడదని నిబంధన పెట్టారు. సముద్రం ఎదురుగా పెట్టుకుని మంచినీళ్లలో ఈదడం మానేయాలని కాదు, రోజూ కొత్త తువ్వాలు, రోజూ దుప్పటి మార్పు అడగకుండా ఉండొచ్చు, అది మన ఇళ్లల్లో అలవాటే కదా.

చుట్టూ ఏముందో కూడా చూడాలి. మహాబలిపురం పోయి రిసార్టులోనే రెండు రోజులు గడపడం పాపం, పల్లవులు చెక్కించిన రథాలు, గుళ్లు పక్కనే ఉన్నాయి, 1984లోనే యునెస్కో జాబితాకి ఎక్కినవి. గోకర్ణలోనూ అంతే, గుడి, ఊరు, కొండ మీద నుంచి బీచ్‌లకి నడక. ఇలాంటి చోట్ల పొద్దున్నుంచి రాత్రి దాకా బయటే తిరుగుతారు కాబట్టి శుభ్రమైన లాడ్జో హోమ్‌స్టేనో చాలు. సూర్యలంక, మైపాడుల్లో పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్టులు ఉన్నాయి, సముద్రానికి దగ్గరి చోట్లు వాటివే, ఆర్భాటం తక్కువ, పోయేముందు ఈ మధ్య తీసిన ఫోటోలు చూసుకుంటే చాలు. చుట్టూ ఏమీ లేని చోటైతేనే పెద్ద రిసార్టు లోపలి హంగులకి అర్థం.

నలుగురైదుగురు కలిసి మూడు రాత్రులు పోయేవాళ్లకి ఇంకో పద్ధతి ఉంది, మొదటి రెండు రాత్రులు ఊళ్లో లాడ్జి, చివరి రాత్రి రిసార్టు. లాడ్జిలో ఉన్నన్నాళ్లూ తిరగడం అంతా పూర్తి చేసేసి, మూడో రోజు సరిగ్గా రెండింటికి రిసార్టులో దిగి మళ్లీ గేటు దాటకుండా ఉండిపోవడం. చెక్ అవుట్ 11కే అయినా సామాన్లు రిసెప్షన్‌లో పెట్టి సాయంత్రం దాకా పూల్, షవర్ వాడుకోనిస్తారా అని అడిగితే కొన్ని చోట్ల సరే అంటారు, అట్లయితే స్నానం చేసి పొడి బట్టలతో రాత్రి బండెక్కొచ్చు, తెల్లారేసరికి గుంతకల్లు.